మిరపకాయ ముక్కు మంచుబొమ్మ

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఎండకు కరువు లేదు, మిరపకాయలకు అసలే కరువు లేదు. డిసెంబరు నెలలో కూడా మధ్యాహ్నం పూట వీపు చురచురలాడేది. కాళ్ళు సరిగ్గా ముడుచుకుని పడుకో, చెబుతాను. ఊరి పేరు మాత్రం అడక్కు. నాకు గుర్తు లేదు, నీకు నచ్చింది నువ్వే పెట్టుకో.

ఆ ఊరికి పావని అని ఒక పిల్ల వచ్చింది. రెండో తరగతి. రెండు జడలు, ముందు ఒక పన్ను లేదు. వాళ్ళమ్మ పురిటికి పుట్టింటికొస్తూ దాన్నీ వెంటబెట్టుకొచ్చింది. నాన్న మాత్రం రాలేదు. ఆయన ఎక్కడో పైన, మంచు కొండల్లో, రోడ్డు మీద పడ్డ మంచును పక్కకు తోసే బండి నడుపుతాడు. అక్కడ మంచు పడుతూనే ఉంటుంది, ఈయన తోస్తూనే ఉంటాడు. అలాంటి ఉద్యోగం.

అక్కడ వాళ్ళుండే ఇళ్ళన్నీ ఒకేలా ఉంటాయి. రేకుల కప్పులు, కప్పుల మీద తెల్లగా మంచు. బాగా కురిసిన రోజున ఏ ఇల్లు ఎవరిదో ఆ ఇంట్లోవాళ్ళకే తెలియదు. అందుకని పావని తమ ఇంటి ముందు ఒక మంచుబొమ్మను నిలబెట్టేది. కింద పెద్ద ముద్ద, పైన చిన్న ముద్ద. బొగ్గు కళ్ళు, క్యారెట్ ముక్కు, నెత్తిన బకెట్, చేతిలో చీపురు.

సాయంత్రం నాన్న డ్యూటీ దిగి వచ్చేవాడు. బొమ్మను చూసి "ఆఁ, ఇదే మనిల్లు" అని ఆగేవాడు. ఆ తర్వాత వంగి, దాని ముక్కును కరుక్కున కొరికేవాడు. "నా బొమ్మ ముక్కు తినేశావ్!" అని పావని కేకలు పెడుతూ వెంటపడేది. రోజూ ఇదే తంతు. రోజూ ఒక క్యారెట్ ఖర్చు.

మరి రైలెక్కించేటప్పుడు ఆ నాన్న ఏమన్నాడో తెలుసా? "సెలవు దొరికితే వస్తాను తల్లీ. నువ్వక్కడ మంచుబొమ్మను నిలబెట్టు. అది ఏ ఇంటి ముందుంటే ఆ ఇంటికే వస్తా" అన్నాడు. రైలు కదిలే హడావిడిలో ఏదో నవ్వించడానికి అన్నాడు. కానీ పావని దాన్ని కొంగున ముడేసుకున్నట్టు దాచుకుని తెచ్చుకుంది.

అప్పుడు పావని ఈ ఊళ్ళో దిగింది. అటు చూసింది, ఇటు చూసింది. మంచేదీ? పొద్దున్నే గడ్డి మీద కాస్త తడి ఉంది. సూర్యుడు మొహం చూపించగానే అదీ పోయింది. మంచు లేకపోతే బొమ్మ లేదు. బొమ్మ లేకపోతే నాన్నకు ఇల్లెలా తెలుస్తుంది?

వాళ్ళమ్మ చెవిలో గుసగుసగా అడిగింది. అమ్మ నవ్వింది.

"మీ నాన్నకు ఈ ఇల్లు తెలియకపోవడమేంటే! పెళ్ళికి ఇక్కడికే కదా వచ్చాడు?"

"అప్పుడు గేటు దగ్గర మంచుబొమ్మ ఉందా?"

"లేదు. బాజాలు, పందిరి, లైట్లు ఉన్నాయి."

"ఇప్పుడున్నాయా?"

లేవు. అసలు నాన్నకు సెలవు దొరుకుతుందో లేదో ఆవిడకే తెలియదు పాపం. కొండ దారులు మూసేశారని ఆ ముందు రోజే ఫోను వచ్చింది.

గుసగుస ఎందుకంటావా? దానికో కథుంది. ఊరికే ఇంట్లో కూర్చోవడం ఎందుకని పావనిని ఊరి బళ్ళో చేర్చారు. మొదటి రోజే దానికి దాహం వేసింది. లేచి నిలబడి "టీచర్, థోడా నీళ్ళు కావాలి" అంది. అక్కడ పక్కింటివాళ్ళంతా హిందీవాళ్ళు, ఆ మాటా ఈ మాటా కలిసిపోయి అలా వచ్చేసింది. థోడా అంటే కొంచెం అని. పిల్లలకేం తెలుసు? కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత ఎక్కడ కనపడినా "థోడా నీళ్ళు! థోడా నీళ్ళు!" అని ఆటపట్టించారు. అంతే, పావని నోటికి తాళం వేసేసుకుంది. అమ్మ చెవిలో తప్ప ఇంకెక్కడా మాట లేదు. వాళ్ళింట్లో ఉన్న అమ్మమ్మతో కూడా లేదు. ఆవిడా నాలాంటిదే, కాకపోతే నా అంత అందగత్తె కాదనుకో.

ఇలా ఉండగా బడికి చలికాలం సెలవులు దగ్గరపడ్డాయి. ఎస్తేరు టీచరు పిల్లలందరినీ కూర్చోబెట్టి, "సెలవులకు ముందు మనందరం మంచుబొమ్మలు చేసి బడంతా అలంకరిద్దాం. మీలో మంచు చూసినవాళ్ళెవరు?" అని అడిగింది. ఒకడు ఐస్‌ఫ్రూట్ బండిలో చూశానన్నాడు. ఇంకొకడు చేపల పెట్టెలో చూశానన్నాడు. పావని మెల్లగా చెయ్యెత్తింది. చెప్పమంటే చెప్పదు కదా, అందుకని కాగితం మీద బొమ్మ వేసి చూపించింది. క్యారెట్‌కు నారింజ రంగు పెన్సిల్ కావాలి. అది అరిగిపోయింది. ఎర్ర రంగు వేసేసింది.

గొడవంతా అక్కడే మొదలైంది నాన్నా.

ఎస్తేరు టీచరుకు మూడు రోజులు ట్రైనింగ్ పడింది. ఆవిడ ఆ కాగితం తెచ్చి బడి ఆయా వజ్రమ్మ చేతిలో పెట్టి, "పిల్లలతో ఇలాంటి మంచుబొమ్మలు చేయించు" అని బస్సెక్కి వెళ్ళిపోయింది.

వజ్రమ్మ మంచి మనిషే. పిల్లలంటే ప్రాణం. కానీ ఏదైనా అర్థం కాకపోతే అర్థం కాలేదని ఒప్పుకునే అలవాటు లేదు. కాగితం నిలువుగా పట్టుకుంది, అడ్డంగా పట్టుకుంది, తలకిందులుగా పట్టుకుంది. మంచంటే తెల్లవారుజామున చేల మీద పొగలా కమ్ముకునేదే కదా? పొగతో బొమ్మ చేయడం ఏంటి? టీచరుకు ఫోను చేసింది. ఎత్తలేదు.

అప్పుడు వజ్రమ్మ ఒక చేత్తో కాగితం, ఒక చేత్తో పావనిని పట్టుకుని ఊళ్ళోకి బయలుదేరింది.

ముందు ఇడ్లీ బండి అంకమ్మకు చూపించింది. అంకమ్మ ఒక్క చూపుతో తేల్చేసింది. "ఇందులో అడగడానికేముంది? ఇడ్లీ మీద ఇడ్లీ పెట్టారు. ఎర్రగా ఉన్నది కారప్పొడి. ఎవరో పిచ్చి పిల్ల గీసింది." పావని కాదని తల అడ్డంగా ఊపింది. అంకమ్మ ఆకలేస్తోందేమో అనుకుని దానికో ఇడ్లీ పెట్టింది.

ఆ తర్వాత కరెంటు స్తంభం దిగుతున్న లైన్‌మన్ దానియేలుకు చూపించింది. "ఇది స్తంభం మీదుండే పింగాణీ బుడ్డి" అన్నాడాయన. "తెల్లగా గుండ్రంగా ఒకదాని మీద ఒకటి ఉందా? అదే. దాని జోలికి పోవద్దు, షాక్ కొడుతుంది." వజ్రమ్మ గబుక్కున కాగితాన్ని చివర పట్టుకుంది. పావని మళ్ళీ తల ఊపింది. "చూశావా, పిల్లకూ భయమే" అన్నాడు దానియేలు.

ఆ తర్వాత కొత్త ఇల్లు కడుతున్న పోలయ్య మేస్త్రి దగ్గరికి వెళ్ళారు. పోలయ్య తాపీ కింద పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. కాగితాన్ని ఎండలో పెట్టి చూశాడు.

"వజ్రమ్మక్కా, తెల్లటి బూడిద గుమ్మడికాయ ఉందా? ఉంది. నల్లగుడ్లు ఉన్నాయా? ఉన్నాయి. చేతిలో చీపురుందా? నెత్తిన బుంగ ఉందా? ఇదిగో, ఎర్రటి మిరపకాయ కూడా ఉంది. నేను కట్టిన ప్రతి ఇంటికీ నా చేత్తో కడతాను, నాకు తెలియదా? దిష్టిబొమ్మ! మంచు రోజుల్లో కట్టేది కాబట్టి మంచుబొమ్మ అన్నారు."

వజ్రమ్మ మొహం చేటంత అయింది. "అలా చెప్పు మరి! నేనూ అదే అనుకున్నా" అంది. అనుకోలేదు, నీకూ నాకూ తెలుసు.

దిష్టిబొమ్మంటే ఏంటో పావనికి తెలియదు. కాదని గట్టిగా చెబుదామని నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే ఇసుకలో ఆడుకుంటున్న పిల్లలు ఇటు చూశారు. "థోడా నీళ్ళు" గుర్తొచ్చింది. నోరు మూసేసింది. మాట గొంతు దాకా వచ్చి మళ్ళీ వెనక్కి పోతే ఎంత కష్టంగా ఉంటుందో నీకు తెలియదులే, నువ్వు వసపిట్టవి.

ఆ మర్నాడు పొద్దున్న బళ్ళో పని మొదలైంది. వజ్రమ్మ ఇంటింటికీ తిరిగి పాత తెల్ల పంచెలు తెచ్చింది. పత్తి ఆ ఊళ్ళో బోలెడు. పిల్లలందరూ గుండ్రంగా కూర్చున్నారు. పంచె ముక్కలో పత్తి కూరారు, ముడేశారు. కింద పెద్ద ముద్ద, పైన చిన్న ముద్ద. కళ్ళకు చింతగింజలు అంటించారు. చేతులకు చీపురు పుల్లలు గుచ్చారు. నెత్తిన బకెట్ బదులు కొబ్బరిచిప్ప బోర్లించారు.

పావని చేతుల్లో తెల్లటి ముద్ద తయారవుతోంది. అది చల్లగా లేదు, వెచ్చగా ఉంది. అయినా దాని ఆకారం అదే. ఎన్నాళ్ళకో దానికి నవ్వు వచ్చింది. ఫరవాలేదు, నాన్న గుర్తుపడతాడు అనుకుంది.

అప్పుడు వజ్రమ్మ తట్ట నిండా పండు మిరపకాయలు తెచ్చింది. ఒక్కో బొమ్మకూ ఒక్కో మిరపకాయ ముక్కు కుట్టింది. ఆ తర్వాత బొగ్గుతో మెలితిరిగిన మీసాలు దిద్దింది. ఆ తర్వాత ఎర్ర గుడ్డతో నాలుక పెట్టి, మెళ్ళో నల్లతాడుకు నిమ్మకాయ కట్టింది. చూస్తే జడుసుకునేలా తయారయ్యాయి. పిల్లలు "హాఁ" అని ఒకళ్ళ మీదికి ఒకళ్ళు తెచ్చి జడిపించుకున్నారు.

పావని తన బొమ్మను చూసింది. ఇది మంచుబొమ్మా? కాదా? ముద్దలు చూస్తే అవును, మీసాలు చూస్తే కాదు. నిద్రలో వచ్చిన కలలాగా సగం తెలిసినట్టు, సగం తెలియనట్టు ఉంది. అయినా సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళి గేటుకు కట్టింది. లేనిదానికంటే నయం కదా. అమ్మ చూసి బుగ్గలు నొక్కుకుంది. అమ్మమ్మ చూసి "మంచి పని చేశావే, కడుపుతో ఉన్న పిల్ల ఉన్న ఇల్లు" అని మెచ్చుకుంది. ఎందుకు మెచ్చుకుందో పావనికి అర్థం కాలేదు.

ఇక ఆ రాత్రికే బొమ్మల కబురు ఊరంతా పాకిపోయింది. మిగతా పిల్లలూ తమ బొమ్మల్ని ఇళ్ళకు తీసుకెళ్ళారు కదా? ఒక ఇంటికి కట్టారు. ఎదురింటామె చూసింది. "వాళ్ళు కట్టి మనం కట్టకపోతే వాళ్ళకు తగలాల్సిన దిష్టి మనింటికి మళ్ళుతుంది" అంది. ఆమె వజ్రమ్మ దగ్గరికి పరిగెత్తింది. ఆమెను చూసి పక్కింటామె, ఆమెను చూసి వెనకింటామె. వజ్రమ్మకు మర్నాడంతా బొమ్మలు కట్టడంతోనే సరిపోయింది. బడి అలంకరణ సంగతి బడిలోనే మిగిలిపోయింది.

ఆ మర్నాడు పొద్దున్న పావని గేటు తీసి బయటికి వచ్చింది. వీధి ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూసింది.

ప్రతి గేటుకూ ఒక తెల్ల బొమ్మ. ప్రతి బొమ్మకూ ఎర్ర ముక్కు. అంకమ్మ ఇంటికి ఒకటి, దానియేలు ఇంటికి ఒకటి. పోలయ్య సగం కట్టిన ఇంటికైతే రెండు. అన్నీ పావనినే చూసి మీసాలు దువ్వుతున్నాయి.

పావని అక్కడే అరుగు మీద కూలబడిపోయింది. ఒక్క బొమ్మ లేకపోతే నాన్న ఇల్లెలా కనుక్కుంటాడా అని మొన్నటిదాకా ఏడ్చింది. ఇప్పుడు ఇన్ని బొమ్మల్లో ఎలా కనుక్కుంటాడు? అంకమ్మ ఇంటికి వెళ్ళిపోతే? అక్కడ ఇడ్లీలు బాగుంటాయి, అక్కడే ఉండిపోతే? నవ్వకు. నీకు నవ్వు, దానికి ప్రాణం పోతోంది.

అలా చాలాసేపు కూర్చుంది. మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని ఆలోచించింది. తమ బొమ్మకు ఏదైనా గుర్తు ఉండాలి. ఊళ్ళో ఇంకెవరికీ తెలియనిది, నాన్నకు మాత్రమే తెలిసినది ఉండాలి.

అప్పుడు దానికి తట్టింది. మా బొమ్మకు ముక్కు ఎప్పుడూ సగమే ఉంటుంది!

గబుక్కున లేచింది. గేటు కమ్మీ మీద కాలు పెట్టి పైకెక్కింది. బొమ్మను రెండు చేతులతో పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. కరుక్కున కొరికింది.

అది క్యారెట్ కాదు కదా, ఆ ఊరి పండు మిరపకాయ. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత చెవుల్లోంచి పొగలొచ్చాయి.

"కారం! అమ్మో కారం! నీళ్ళు! థోడా కాదు, బోలెడు నీళ్ళు! జల్దీ!"

ఎంత గొంతనుకున్నావ్! వీధి చివర కుక్క కూడా లేచి నిలబడింది. ఇళ్ళలో ఆడవాళ్ళు గరిటెలతోనే బయటికి వచ్చేశారు. బడికి వెళుతున్న పిల్లలు పుస్తకాల సంచులు అక్కడే పడేశారు. ఒకడు చెంబు తెచ్చాడు, ఒకడు బిందె తెచ్చాడు, ఒక పిల్ల గుప్పెడు పంచదార తెచ్చింది. వెక్కిరించాలని ఎవరికీ తోచలేదు. వజ్రమ్మ ఆయాసపడుతూ మజ్జిగ గ్లాసుతో వచ్చి పావనిని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"ఎందుకు కొరికావే బంగారం? దిష్టిబొమ్మ ముక్కు ఎవరైనా తింటారా?"

ఒకసారి తెరిచిన నోరు ఇంక ఆగుతుందా? మజ్జిగ తాగుతూ, ముక్కు ఎగబీలుస్తూ, ఆ మాటా ఈ మాటా కలిపేస్తూ పావని మొత్తం చెప్పేసింది. ఇది దిష్టిబొమ్మ కాదని చెప్పింది. ఎర్రగా ఉన్నది క్యారెట్ అని చెప్పింది. నాన్న సంగతి చెప్పింది.

ఊరంతా తనను మెచ్చుకున్న పనిలో ఈ పిల్ల ఇంత నలిగిపోయిందని తెలిసి వజ్రమ్మకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. కొంగుతో కళ్ళొత్తుకుని, "నాకు తెలియలేదు తల్లీ. తెలియలేదని అడగనూ లేదు. ఇప్పుడే వెళ్ళి అన్ని గేట్ల మీదవీ పీకేస్తాను" అంది.

పావని ఆవిడ కొంగు పట్టుకుని ఆపింది. తల అడ్డంగా ఊపింది. ఈసారి నోటితో కూడా చెప్పింది. "వద్దాయమ్మా, ఉండనీ. మాది సగం ముక్కుది. నాన్నకు తెలుస్తుంది."

అప్పుడు ఒక రోజు గడిచింది. నాన్న రాలేదు. ఎస్తేరు టీచరు వచ్చింది. బళ్ళో ఒక్క బొమ్మ లేకుండా ఊరంతా ఎందుకున్నాయో తెలియక కాసేపు బస్టాండులోనే నిలబడిపోయింది. రెండో రోజు గడిచింది. ఫోను కూడా రాలేదు. సగం మిరపకాయ ఎండకు ముడుచుకుపోతోంది.

మూడో రోజు పది గంటల బస్సు దిగి ఒక మనిషి వీధిలోకి వచ్చాడు. భుజాన సంచి, ఆ ఎండలో ఒంటి మీద లావుపాటి ఉన్ని కోటు. నాలుగడుగులు వేసి టక్కున ఆగిపోయాడు.

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ఎన్నో ఏళ్ళుగా మంచులో పనిచేస్తున్నాడు, ఇన్ని మంచుబొమ్మల్ని ఒక్కచోట ఎప్పుడూ చూడలేదు. అదీ మీసాలతో! మొదటి గేటు దగ్గర వంగి చూశాడు. ముక్కు నిండుగా ఉంది. కాదనుకున్నాడు. అంకమ్మ గేటు దగ్గర చూశాడు. అక్కడా ముక్కు నిండుగానే ఉంది. పోలయ్య ఇంటి దగ్గర రెండింటినీ చూశాడు.

పావని గేటు వెనక నక్కి చూస్తోంది. "పిలవవే!" అంది వెనక నుంచి అమ్మ. పావని పిలవలేదు. పిలిస్తే ఇంకేముంది? కనుక్కోవాలి కదా.

తన పెళ్ళైన ఇల్లు ఆయనకు తెలియదా అమ్మమ్మా అంటావా? తెలిసే వెతికాడో, తెలియకే వెతికాడో నన్నడక్కు. నాన్నల సంగతి నాన్నలకే తెలియాలి.

అలా వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఈ గేటు దగ్గరికి వచ్చాడు. వంగాడు. సగం ముక్కు. కొరికిన చోట చిన్న చిన్న పళ్ళ గుర్తులు, మధ్యలో ఒక పన్ను లేని సందు.

"ఆఁ, ఇదే మనిల్లు" అన్నాడు నాన్న.

అని, మిగిలిన సగం ముక్కును కరుక్కున కొరికాడు.

"నా బొమ్మ ముక్కు తినేశావ్!" అని పావని ఒక్క ఉరుకులో వెళ్ళి ఆయన మెడకు చుట్టుకుంది. ఆయన దాన్ని ఎత్తుకున్నాడు. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. పావని తన చిన్న చేత్తో ఆయన బుగ్గలు తుడిచి, మొహంలో మొహం పెట్టి అడిగింది.

"కారమా నాన్నా?"

"థోడా" అన్నాడు నాన్న.

కథేమో కంచి బస్సెక్కింది,
కారమేమో ముక్కుకెక్కింది.
నాన్నేమో ఇంటికొచ్చాడు,
నిద్రేమో నీ కంటికొచ్చింది.